‘సరే’ అని నొక్కింది నేను

మా ఆవిడ నాలుక మొదటిసారి తడబడింది కూరగాయల బండి దగ్గర. భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టర్ ముందుకి రోజూ పొద్దున వచ్చే బండి అది. ఆవిడ బెండకాయలు అడిగింది. బండివాడు “క్యా దీదీ?” అన్నాడు. మళ్ళీ అడిగింది. వాడు మళ్ళీ “క్యా?” అన్నాడు. మూడోసారి చేత్తో చూపించి తెచ్చుకుంది.

లోపలికొచ్చి నవ్వుతూ, “ఏటండీ, నా నాలిక మందమైపోయినట్టుంది. నోట్లో కిళ్ళీ పెట్టుకున్నట్టు మాటొస్తంది,” అంది. నేను పేపర్లోంచి తల ఎత్తకుండానే, పళ్ళ డాక్టరుకి చూపించుకోమన్నాను.

ఆవిడది శ్రీకాకుళం దగ్గర ఊరు. పెళ్ళయి భిలాయి వచ్చిననాటికి హిందీ ముక్క రాదు. నేను ఇక్కడే పుట్టాను. మా నాన్న విజయనగరం నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరాడు, సైకిలు మీద షిఫ్టులకి వెళ్ళేవాడు. చదువయ్యాక నేనూ ఆ ప్లాంటులోనే ఇంజనీరుగా చేరాను. నా తెలుగు సగం హిందీయే. “మీ తెలుగు వింటే మా అప్ప పడీ పడీ నవ్వుతాది,” అనేది ఆవిడ. అప్ప అంటే వాళ్ళ అక్క. ఇరవై ఏడేళ్ళు ఇక్కడున్నా ఆవిడ మాత్రం తన మాట వదలలేదు. పక్కింటి బెంగాలీ ఆవిడకి కూడా ‘ఏటి’, ‘బేగి’ అలవాటు చేసేసింది.

మా ఇంట్లో ఎప్పుడూ ఆవిడ మాట వినిపిస్తూనే ఉండేది. పప్పులో ఉప్పు ఎక్కువైన సంగతి, మేడ మీద కోతులు చేసిన అల్లరి, చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పిన కబుర్లు. ప్లాంటులో రోలింగ్ మిల్లు చప్పుడులో ఎనిమిది గంటలు గడిపి ఇంటికొచ్చే నాకు అదీ ఒక చప్పుడే. ఊఁ కొడుతూ ఫోను చూసుకునేవాణ్ణి.

పళ్ళ డాక్టరు ఏమీ లేదన్నాడు. మరో ఇద్దరి దగ్గరికి తిరిగాం. చివరికి రాయపూర్‌లో నరాల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, మోటార్ న్యూరాన్ జబ్బు అన్నాడు. ముందు మాట పోతుంది, తర్వాత మింగడం కష్టమవుతుంది, చేతులు ఎంతకాలం పనిచేస్తాయో చెప్పలేం, తగ్గించే మందు లేదు అని హిందీలో చెప్పాడు. బయటికొచ్చాక దాన్ని కాస్త మెత్తగా తెలుగులో చెబుదామని నోరు తెరిచాను.

“నాకు తెలిసింది లెండి. మళ్ళీ మీరు చెప్పక్కర్లేదు,” అంది. నత్తి నత్తిగా, కానీ అంతా అర్థమయ్యేలాగే అంది.

అయిదు నెలల్లో ఆవిడ మాట మాకెవరికీ అర్థం కాకుండా పోయింది. నోటుబుక్కు పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి పెన్ను పట్టు తప్పింది. అప్పుడు మా అమ్మాయి ఒక ల్యాప్‌టాప్ తెచ్చింది. మాకు ఒక్కతే కూతురు, నాగపూర్‌లో బ్యాంకులో పనిచేస్తుంది. శనివారం రైల్లో వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయేది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే హిందీయే ముందొస్తుంది, తెలుగు అక్షరాలు అసలు రావు.

“అమ్మా, ఇధర్ దేఖో. నువ్వు పూరా వర్డ్ టైప్ చేయక్కర్లేదు,” అంటూ చూపించింది. అందులో ఒక సాఫ్ట్‌వేర్ వేసింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టాలి. ఒకటి రెండు అక్షరాలు కొట్టగానే కింద అయిదు మాటలు వరసగా వస్తాయి, వాటి పక్కన ఒకటి నుంచి అయిదు దాకా అంకెలుంటాయి. కావలసిన మాట అంకె నొక్కితే మాట మొత్తం పడుతుంది. వాక్యం పూర్తయ్యాక ఇంకో బటన్ నొక్కితే ఒక ఆడగొంతు దాన్ని పైకి చదువుతుంది. ఎక్కువసార్లు వాడిన మాటల్ని అది గుర్తు పెట్టుకుని ముందుకి తెస్తుంది.

మొదటిరోజు మా ఆవిడ ‘న’ కోసం ఒక అక్షరం కొట్టింది. నగరం, నాయకుడు, నిర్ణయం, నమస్కారం, నివేదిక అని వచ్చాయి. ఆవిడ భుజాలు ఊగాయి. నవ్వుతోందని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు కొట్టింది. ఆ గొంతు చదివింది: “ఇది మన తట్టుది కాదండి.”

“డాడీ, అమ్మ వాడే మాటలన్నీ మీరు ఎక్కించేయండి. జిత్నా డాలోగే ఉత్నా ఈజీ హోగా ఉన్‌కో,” అంది అమ్మాయి. ఎన్ని ఎక్కిస్తే వాళ్ళమ్మకి అంత తేలికని.

మర్నాడు ఆఫీసులో భోజనాల వేళ కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఏటి. బేగి. అప్ప. ఒలమ్మ. వచ్చీసారా. తినీసారా. ఇంకొన్ని రాశాను. తర్వాత పెన్ను ఆగిపోయింది. ఇరవై ఏడేళ్ళపాటు రోజంతా నా చుట్టూ మాట్లాడిన మనిషి. ఆవిడ కోపమొస్తే ఏమనేది? పాలు పొంగిపోతే ఏమనేది? నన్ను నిద్ర లేపేటప్పుడు ఏ మాటతో లేపేది? గొంతు గుర్తుంది, ఆ గొంతు ఎగుడుదిగుళ్ళు గుర్తున్నాయి, మాటలు లేవు. కాగితంలో సగం కూడా నిండలేదు. గంట అయ్యాక దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మిల్లులోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం ఇంటికి ఫర్లాంగు దూరంలో స్కూటరు ఆపి, శ్రీకాకుళంలో ఉన్న మా ఆవిడ అప్పకి, అంటే మా వదినగారికి, ఫోను చేశాను. సంగతి చెప్పాను.

“ఇన్నేళ్ళు కాపరం చేసినారు, మీకు తెలీదేటి మరిదిగారూ?” అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత ఆవిడ చెప్పడం మొదలుపెడితే నేను రాసుకోలేకపోయాను. పాలు పొంగితే అనే మాట, పిల్లని ముద్దు చేసే మాట, దెప్పే మాట. మధ్యలో ఆవిడ ఏడుపు, మళ్ళీ ఇంకో మాట. ఒక్కొక్కటీ వింటుంటే, అవును, ఇది అనేది కదా, ఇదీ అనేది కదా అనిపించింది. రోడ్డు పక్కన నిలబడి స్కూటరు సీటు మీద కాగితం పెట్టి రాసుకున్నాను.

అవన్నీ ఎక్కించాక ఆ సాఫ్ట్‌వేర్ దారిలో పడింది. కొన్ని వారాలు ఇంట్లో మళ్ళీ మాట వినిపించింది. గొంతు పరాయిదే, చదివే తీరు రేడియో వార్తల్లా ఉండేది, కానీ మాటలు ఆవిడవి. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని వాణ్ణి నిలబెట్టి ఆ గొంతుతోనే దులిపేసింది. నేను చొక్కా తిరగేసి తొడుక్కున్నానని దెప్పింది. అక్షరాలు ఇంగ్లీషువి కావడంతో మా అమ్మాయి మొదటిసారి తల్లి మాటల్ని చదవగలిగింది. ‘ఇస్‌కా మతలబ్ క్యా?’ అని అర్థాలు అడుగుతూ తల్లి భుజానికి ఆనుకుని కూర్చునేది. మా అమ్మాయి పుట్టిన రోజు కురిసిన వాన గురించి, ప్రసవం గదిలో నర్సు చేసిన హడావిడి గురించి ఆవిడ ఒక ఆదివారమంతా రాసింది. అదంతా నేను కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. ఆవిడ ఇంతకుముందు చెప్పలేదని కాదు. ఎన్నోసార్లు చెప్పి ఉంటుంది.

తర్వాత కుడిచేయి పోయింది. ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే మిగిలింది. ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి వేలు జరపడానికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. రెండు అక్షరాలు కొట్టడం కూడా భారమయ్యాక, ఆ సాఫ్ట్‌వేర్ ముందుకి తెచ్చి పెట్టే మాటల మీదే ఆధారపడింది. అది ముందుకి తెచ్చేవి రోజూ ఎక్కువసార్లు వాడేవి. నీళ్ళు, ఫ్యాను, నొప్పి, నిద్ర. అన్నిటికన్నా పైన, ఏమీ కొట్టకముందే ఒకటో అంకె దగ్గర కూర్చుని ఉండే మాట ‘సరే’. నేను అడిగిన ప్రతిదానికీ ఆవిడ ఒకటి నొక్కేది.

ఒకరోజు టిఫిను ఏం కావాలన్నాను. ‘ఉ’ కోసం కొట్టింది. ఉప్మా అని వచ్చింది, నొక్కింది. చేసి పెట్టాను, తింది. వారంలో మూడుసార్లు అదే అయింది. మా ఇంట్లో పనికొచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ, బాయి అంటాం, మా ఆవిడ ముఖం చూసి నాతో అంది: “భయ్యా, దీదీ ఉప్మా కోసం అడగట్లేదు. దీదీ ముఖం చూడండి.” హిందీలో అంది, నేను నమ్మలేదు. అయినా ఆ రోజు పక్కన కూర్చుని, తొందరేం లేదు, మొత్తం కొట్టు అన్నాను. చాలాసేపటికి పడింది: ఉప్పుపిండి. వాళ్ళ ఊళ్ళో బియ్యపు రవ్వతో చేసేది. ఆ మాట అందులో లేదు. వెతకడం కన్నా ఉప్మా తినడమే తేలికని ఊరుకుంది.

“మరి చెప్పొచ్చు కదా?” అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. ఆవిడ ఒకటి నొక్కింది. “సరే,” అంది ఆ గొంతు.

ఆ రోజునుంచి జాగ్రత్తగా ఉండి ఉంటే బాగుండేది. ఉండలేదు. ఆఫీసుకి టైమవుతుంటే, ఆవిడ మాట మధ్యలో ఉండగానే నేనే చెయ్యి పెట్టి అంకె నొక్కడం మొదలుపెట్టాను. “ఫ్యానేనా? ఫ్యానే కదా,” అని నొక్కేసేవాణ్ణి. ఆవిడకి శ్రమ తగ్గిస్తున్నాననుకున్నాను. చాలాసార్లు నేను నొక్కింది సరైనదే కూడా. ఆవిడ వేలు అలా గాల్లో కాసేపు ఉండి, దుప్పటి మీదకి దిగేది.

మింగడం కష్టమైంది. జావ తాగినా పొలమారేది, ఒక్కో గుక్కకీ దగ్గు తెర. మనిషి సగమైంది. రాయపూర్ తీసుకెళ్ళాను. ఆ డాక్టరు ఎప్పట్లాగే మర్యాదగానే మాట్లాడాడు. పొట్టకి చిన్న రంధ్రం చేసి గొట్టం పెడితే దాని ద్వారా ఆహారం పంపొచ్చు, ఇంకొంత కాలం ఉంటారు, జబ్బు మాత్రం ఆగదు, కాళ్ళూ చేతులూ పూర్తిగా పోయాక కూడా మనసుకి అన్నీ తెలుస్తూనే ఉంటాయి, గొట్టం వద్దంటే ఎక్కువ రోజులు కష్టం అని వివరంగా చెప్పాడు.

“ఇది మీరు చెప్పాల్సింది కాదు, ఆవిడ చెప్పాలి,” అన్నాడు నాతో హిందీలో. ఆవిడ వైపు తిరిగి, “దీదీ, ఆప్ బతాయియే,” అన్నాడు.

నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టాను. వేలు కదిలింది. ‘నాకు’ అని పడింది. ఆ తర్వాత కింద నీళ్ళు, నిద్ర, నొప్పి అని వరసగా వచ్చాయి. ఆవిడ వాటిని చూడలేదు. వేలు కింది వరసలోకి దిగడం మొదలుపెట్టింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

కీబోర్డు కింది వరసలో ఇంగ్లీషు వి, బి పక్కపక్కనే ఉంటాయి. వి అయితే వద్దు. బి అయితే బతకాలనుంది. ఆవిడ వేలు ఆ రెండింటి పైన ఆగి ఉంది. తలుపు దగ్గర నర్సు తర్వాతి పేషెంటు ఫైలు పట్టుకుని నిలబడింది. డాక్టరు గడియారం చూడలేదు, ఆ మాట చెప్పాలి. ఆయన ఎంతసేపైనా ఆగేవాడేమో. ఆగలేకపోయింది నేను. ఆ వేలు వి మీద పడుతుందని నాకు భయమేసింది.

చెయ్యి చాపి ‘నాకు’ చెరిపేశాను. ఖాళీ గీత మీద ఒకటి నొక్కాను. చదివే బటన్ కూడా నేనే నొక్కాను.

“సరే,” అంది ఆ గొంతు.

డాక్టరు నా ముఖంలోకి చూశాడు. “ఉన్హోంనే హీ కహా హై,” అన్నాను. ఆవిడే అంది అన్నాను. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. మా ఆవిడ తెర వైపే చూస్తూ ఉంది. నా వైపు తిరగలేదు.

ఆవిడ ఆ తర్వాత ఏడాది పైన బతికింది. రోజుకి ఆరుసార్లు గొట్టంలో జావ, పాలు, మందులు. పొట్ట దగ్గర పుండు పడితే శుభ్రం చేయడం. నేను ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్నాను. పొద్దున బాయి వచ్చేది, ఇద్దరం కలిసి ఆవిడని పక్కకి తిప్పేవాళ్ళం.

ఇంటికొచ్చిన మొదటి పదిహేను రోజులు ఆవిడ ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. తెచ్చి ముందు పెడితే కిటికీ వైపు చూసేది. “దీదీ హ కుఛు కహత్ హే,” అనేది బాయి. దీదీ ఏదో చెబుతోందని. ఏమిటని అడిగితే తల అడ్డంగా ఊపి గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయేది.

ఒక మధ్యాహ్నం నేనే అడిగాను. అమ్మాయి లేదు, బాయి వెళ్ళిపోయింది. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

“ఆ రోజు డాక్టరు దగ్గర నువ్వేం రాయబోయావు?”

చాలాసేపు నన్నే చూసింది. కోపం ఉంటే బాగుండుననిపించింది. లేదు. చివరికి వేలు కదిలింది, నేను ల్యాప్‌టాప్ వేలి కిందికి జరిపాను. సాఫ్ట్‌వేర్ మాటలు చూపిస్తోంది, ఆవిడ ఒక్క అంకె కూడా నొక్కలేదు. అన్నీ తనే కొట్టింది. నా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎండ గోడ మీంచి మంచం మీదకి జరిగింది. రెండుసార్లు కళ్ళు మూసుకుని అలుపు తీర్చుకుంది.

“ఇప్పుడు అడిగి ఏటి లాభం,” అని రాసింది. చదివే బటన్ నొక్కలేదు. నేనూ నొక్కలేదు.

అదే ఆవిడ కొట్టిన చివరి పూర్తి వాక్యం. తర్వాత నెల తిరక్కుండానే ఆ వేలు కూడా ఆగిపోయింది. కళ్ళు కదిలిస్తే టైపయ్యే పరికరం ఒకటుందని అమ్మాయి ఎక్కడెక్కడో కనుక్కుని తెప్పించింది. తెర ముందు అమర్చి, “అమ్మా, బస్ దేఖనా హై. అక్షరాన్ని చూడు చాలు,” అంది. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవమని అమ్మాయి బతిమాలింది. పరికరం పక్కకి తీసేదాకా తెరవలేదు.

అమ్మాయి వంటింట్లోకి వచ్చి, “డాడీ, అమ్మ ఎందుకిలా చేస్తోంది? గుస్సా హై క్యా ముఝ్‌సే?” అని ఏడ్చింది. కోపం నీ మీద కాదమ్మా అన్నాను. మరి ఎవరి మీద అని అడగలేదు. అడిగితే చెప్పి ఉండేవాణ్ణేమో. డాక్టరు గదిలో జరిగింది దానికి ఇప్పటికీ తెలియదు. అమ్మ ధైర్యంగా ఒప్పుకుందని అందరితో చెబుతుంది.

ఆవిడ ఒక వానాకాలం పొద్దున, బాయి జడ వేస్తుండగా పోయింది. జడ సగంలో ఆపి బాయి నన్ను పిలిచింది. నేను వచ్చేసరికే అయిపోయింది. ఆ జడ పూర్తి చేయమన్నాను. పూర్తి చేసింది.

నాలుగు నెలలయ్యాక, మా ఆవిడకి వ్యాయామం చేయించిన ఆయన ఫోను చేశాడు. భిలాయి-3లో ఒక రైల్వే కుటుంబం, తెలుగువాళ్ళు, ఆయనకి పక్షవాతం వచ్చి మాట పోయింది, మీ దగ్గరున్న ల్యాప్‌టాప్ ఇస్తారా అని అడిగాడు. ఇస్తానన్నాను. అమ్మాయి ఫోనులో చెబుతుంటే దాన్ని శుభ్రం చేశాను. నేర్చుకున్న మాటలన్నీ తొలగించాలా అని తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. వదినగారు ఏడుస్తూ చెప్పినవీ, మా ఆవిడ ఓపికున్నప్పుడు తనంతట తాను నేర్పినవీ అన్నీ అందులోనే ఉన్నాయి. “డాడీ, కాపీ తీసుకుంటారా?” అంది. వద్దన్నాను. ఆ జాబితాలో అన్నిటికన్నా పైన ఏ మాట ఉంటుందో నాకు తెలుసు. అవును అని నొక్కాను. క్షణంలో పోయాయి.

స్కూటరు మీద భిలాయి-3 వెళ్ళాను. స్టేషనుకి దగ్గర్లో రైల్వే క్వార్టర్. ముందుగదిలో గోడ మీద ఏసుప్రభువు పటం, దాని పక్కనే వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉన్నాయి. ఆయన ఒకప్పుడు గూడ్సు రైళ్ళు నడిపేవాడట. కుడిపక్క పడిపోయి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య నా చేతుల్లోంచి ల్యాప్‌టాప్ అందుకుని, “దేవుడు పంపినట్టే వచ్చారు అన్నయ్యగారూ,” అంది.

ఎలా వాడాలో ఇద్దరికీ చూపించి, ఆవిడ చెప్పిన రోజువారీ మాటలు నాలుగు ఎక్కించాను. ఆయన చురుకైన మనిషి, పది నిమిషాల్లో పట్టుకున్నాడు. ఎడమచేత్తో ‘చ’ కోసం అక్షరాలు కొట్టి ఆగాడు. కింద మాటలు వచ్చాయి. ఆయన వాటివైపు చూడకుండా తర్వాతి అక్షరం కోసం వెతుకుతున్నాడు.

ఆయన భార్య వంగి రెండో అంకె, చదివే బటన్ నొక్కేసింది. “చాయ్,” అంది ఆ గొంతు.

“ఈ టైముకి ఈయనకి చాయ్ పడాల్సిందే అన్నయ్యగారూ. నాకు తెలీదా! మీకూ పెట్టేస్తాను, కూర్చోండి,” అని సంతోషంగా వంటింట్లోకి వెళ్ళింది.

ఆయన వేలు గాల్లో ఉంది. నా వైపు చూశాడు. ఆయన చెప్పబోయింది చాయ్ కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఏమిటని అడగొచ్చు. ఆవిడ రాగానే, అమ్మా, ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆయన ఆగినప్పుడు మీరు నొక్కకండి అని చెప్పొచ్చు. అది చెప్పాలనే ఎవరితోనో పంపించకుండా అంత దూరం నేనే తీసుకెళ్ళాను. నోటిదాకా వచ్చింది కూడా. అది చెబితే, మీకెలా తెలుసని ఆవిడ అడుగుతుంది.

ఆవిడ మూడు కప్పులు తెచ్చింది. ఆయన కప్పు ఎడమచేతికి అందించి, తువ్వాలు మెడ చుట్టూ కట్టింది. ఆయన తాగాడు. నేనూ తాగి, కప్పు బల్ల మీద పెట్టి, వస్తానమ్మా అని లేచాను.